ఈనె ఎండేదాకా

నెల్లూరు పొగతోటలో పొగాకు మొక్క ఒక్కటీ లేదు.
ఉన్నవన్నీ ఆసుపత్రులు, మందుల షాపులు,
ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని టీ తాగే మనుషులు.
సూది గుచ్చుతుంటే మాల్యాద్రి అన్నాడు:
"పేరు మాత్రం మాదేనమ్మా."

కొండపి దగ్గర బ్యారన్ అతనిది.
చిగుళ్ళలో నెత్తురు, తొడల మీద కమిలిన మచ్చలు,
ఒంగోలు వాళ్ళు రాసిచ్చిన కాయితం.
"రోగం ముదిరిందా?"
ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్నకి
డాక్టరుగారు చెప్తారనే అంటున్నాను.
ఆ పూటెందుకో నోరు జారింది:
"ముదరడం లేదు. అదే రోగం."

గాజుపలక మీద ఊదారంగు ఆరింది.
ఎటు జరిపినా లేత కణాలే.
మూలుగలో పుట్టి, సగం పెరిగి,
ఆ సగంలోనే బైఠాయించి
తమలాంటి వాటినే కంటున్నవి.
కొన్నిటి కడుపులో ఎర్రటి సూదులు,
పొయ్యి పక్కన కట్టెల మోపులా.
మోపు ఉంది. అంటించేవాళ్ళు లేరు.

పదిహేనో క్రోమోజోము తునక, పదిహేడో దాని తునక
చోట్లు మార్చుకుని అతుక్కున్నాయి.
ఎదగమనే కబురు గుమ్మందాకా వస్తూనే ఉంది రోజూ.
గుమ్మంలో ఆ అతుకుల మనిషి
గడియ మీద చెయ్యేసి
లోపల ఎవరూ లేరంటాడు.

మందు ఒక చిన్న క్యాప్సూలు.
మునగాకులో ఉండే విటమినుకి దగ్గరి చుట్టం.
నరకడానికి రాదు.
గుమ్మంలో వాడి మణికట్టు పట్టుకుంటుంది,
వేళ్ళు వదులయ్యేదాకా వదలదు.
తర్వాత లోపల ఒకటి ఇంకోదాన్ని తడుతుంది,
చిటికెడు భాస్వరం అంటించి, నువ్వు లే, పక్కదాన్ని లేపు అని,
అర్ధరాత్రి బ్యారన్ కాడ కాపలావాళ్ళు
కునుకు తీసేవాణ్ణి మోచేత్తో పొడిచినట్టు.

మాల్యాద్రికి ఇదంతా చెప్పాను, వచ్చినంత మటుకు.
"తెలుసులే" అన్నాడు.
"మంట ఎక్కువ పెడితే ఆకు పచ్చగానే ఎండిపోద్ది.
తక్కువైతే కుళ్ళిద్ది.
రంగు తిరిగేదాకా పక్కనే కూర్చోవాల."

పదకొండో రోజు జ్వరం.
కాళ్ళు పొంగాయి, మాట మధ్యలో ఊపిరి తెగుతోంది.
ఎదగడమంటూ మొదలయ్యాక అన్నీ ఒక్కసారే ఎదిగి
గుంపుగా ఊపిరితిత్తుల్లోకి దూరాయి.
డాక్టర్ సుగుణాకర్ క్యాప్సూలు ఆపించి
స్టెరాయిడ్ ఎక్కించాడు.
చెంచమ్మ మూడు రాత్రులు వరండాలో
చెప్పులు విప్పకుండా కూర్చుంది.
"సెగ ఎక్కువైతే పైకిటికీలు తీస్తాం గదా, అదేనా?"
అదే, అన్నాను.
అదో కాదో నాకప్పుడు తెలీదు.

ఇరవై తొమ్మిదో రోజు
సెలైన్ సూది చేతికుండగానే నా గదికొచ్చాడు.
"ఒకసారి సూడనీ."
మొదట తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయట.
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
వేలం రోజున ఆకు చెక్కు విప్పి
గ్రేడు చూసేవాళ్ళ మౌనం అది.

కణం నడుమ గింజ నొక్కుకుపోయి
మూడు పూసలయింది, నాలుగయింది,
సన్నటి దారం మీద.
"ఇయ్యి ఎన్నాళ్ళుంటయ్?"
ఒక రోజు. మహా అయితే రెండు.
"అంతేనా?"
అంతే. పనిచేసి పోతాయి.
పోవడం నేర్చుకోనివే మిమ్మల్ని ఇంతదాకా తెచ్చాయి.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"ఈనె ఎండిందన్నమాట" అన్నాడు,
నాతో కాదు.

రిపోర్టులో ఆ మాటకి గడి లేదు.
న్యూట్రోఫిల్స్ యాభై నాలుగు అని రాస్తున్నాను.
అతనింకా కన్ను తియ్యలేదు.
"అమ్మాయ్, ఈ మూల ఒకటి పచ్చిదుంది."

నేను చూశాను.
ఉంది.
కౌంటరు మీట మళ్ళీ నొక్కాను.