పదో నంబరు స్పానర్

రేణిగుంట రన్‌వే చివర, సిమెంటు నేల మీద
నాలుగు రోజులుగా మా మిషను తడుస్తా ఉండాది.
తెల్లారి నాలుగున్నరకి
టార్చి నోట కరుచుకొని, పొడుగు కాడ అద్దం దూర్చి
గేర్‌బాక్సు కిందికి చూస్తాను.
నూనె చెమ్మా, వాన చెమ్మా?
వేలితో తాకి, బొటనవేలికి రాసి చూడాల.
వాన జారిపోతుంది. నూనె ఉండిపోతుంది.

మా అమ్మ తిరుపతిలో పూలు కట్టేది.
కనకాంబరం, మరువం, నడాన మల్లె.
మూరకి ఎన్ని ముడులో ఆమె వేళ్ళకి తెలుసు, నోటికి తెలీదు.
నేను కట్టేది ఉక్కు తీగ.
బోల్టు తల బెజ్జంలో దూర్చి
అంగుళానికి ఎనిమిది మెలికలు,
లెక్క తప్పితే కోసి పారేసి మళ్ళీ మొదలు.
వదులైతే బోల్టు తిరిగిపోతుంది, బిగువెక్కువైతే తీగే తెగుతుంది.
"దారమూ అంతే కదరా" అనింది అమ్మ, ఒకసారి సెలవుల్లో చెప్తే.
నా చూపుడువేలి గాట్లు చూసి
ఇంగేమీ అడగలేదు.

పనిముట్ల పెట్టెలో
ఒక్కోదానికి దాని ఆకారంలోనే గుంట.
తీసింది తీసిన చోటికే పోవాల.
రోజుకి ఆరుసార్లు లెక్క.
ఈ అలవాటు ఇంటికీ వచ్చింది.
రాత్రిపూట గరిటెలు లెక్కపెడతా ఉంటే ధనకోటి నవ్వుతుంది:
"ఒకటి తక్కువైతే పొయ్యి ఎగరనియ్యవా?"

మూడోరోజు ఒకటి తక్కువైంది.
పదో నంబరు గుంట
నల్లగా నోరు తెరుచుకొని ఉండాది.

లోపల పులిహోర పొట్లాలు, పాలపొడి, కొవ్వొత్తులు.
స్వర్ణముఖి అవతల జనం మిద్దెల మీద ఉండారని
వైర్‌లెస్సులో ఎవరో అరుస్తా ఉండారు.
మేజర్ సాబ్ గడియారం చూసి ఏమీ అనలేదు.
అనుంటే బాగుండు.
తోమర్ సాబ్ చెవి దగ్గరికొచ్చి హిందీలో
బయటే యాడో పడుంటుందిలే అన్నాడు.
ఉండొచ్చు.
కంట్రోల్ రాడ్ పక్కన కూడా ఉండొచ్చు.
పెన్ను జేబులో పెట్టేసుకున్నాను.

మోకాళ్ళ మీద పాకినాం, నీటి గుంటల్లో చేతులు పెట్టి దేవినాం.
మణిపూర్ పిల్లోడు ఇబోమ్చా
కట్టిన పొట్లాలన్నీ దించి, ఒక్కోటీ ఒత్తి చూసి
మళ్ళీ ఎక్కించినాడు.
దొరికింది యాడో చెప్తే నవ్వుతారు.
నా రెయిన్‌కోటు జేబు చినుగులోంచి అస్తరు కిందికి జారి
నా తొడకే ఆనుకొని ఉండింది,
ఒంటి వేడికి వెచ్చగా.

నలభై నిమిషాలు.
ఫారం మీద సంతకం పెట్టినాను. పేరు, నంబరు, టైము.
ఆలస్యానికి కారణం అనే గడిలో నా పేరే ఇంకోసారి రాసినాను.

మిషను లేచేటప్పుడు కింద నిలబడినోడికి దక్కేది
మొహం నిండా నీళ్ళ తుంపర.
అయినా శబ్దం ఆరిపోయేదాకా వింటాను.
మా చిన్నాయన గంగమ్మ జాతరలో పలక కొట్టేవాడు.
పది పలకల్లో ఒకటి చెమ్మకి మెత్తబడితే
తల తిప్పకుండానే ఎవరిదో చెప్పేవాడు.
ఆయన ఆస్తిలో నాకొచ్చింది ఆ చెవి ఒకటే.

రాత్రి ఏర్పేడు కాడినుంచి పెద్దమ్మ ఫోను.
"మా మిద్దె మీదే వదిలినార్రా పొట్లాలు.
పులిహోరలో ఉప్పే లేదు.
అయినా అంత ఆలస్యమేందిరా వాళ్ళకి?
మీ మామ వానలో గడగడా వణికినాడు.
ఆ పనోళ్ళు నీకేమన్నా తెలుసునా?"
"తెలుసు పెద్దమ్మా."
"అడుగు మరి, బిన్నా రమ్మను."
"అడుగుతాను."

సబ్బుపొడితో చేతులు తోముకున్నాను.
గోళ్ళ పక్కన నల్లగీత అట్లనే ఉండాది.
ఇబోమ్చాని సూదీ దారం అడిగి
జేబు చినుగు కుట్టుకున్నాను.
వాడు అప్పటికే గురక పెడతా ఉండాడు.
సూదిని వాడి డబ్బాలో పెట్టి, మూత నొక్కి,
తిరిగి లేచి, మూత తీసి
ఉండాదని చూసుకున్నాక గాని
నాకు కన్ను పడలేదు.