జలగడుగు

మా నాన్న పేరు పైడయ్య. నా పేరు వరహాలు.
ఇంట్లో బంగారం అంటే మేమిద్దరమే.

కురుపాం మార్కెట్ కంసాలి కొట్ల ముందు
తెల్లారకముందే కాలవ బురద ఎత్తి
చెక్క మరిగెలో తిప్పి తిప్పి కడిగేవాడు.
నీళ్ళు పోయి, ఇసక పోయి, కొలిమి మసి పోయి
అడుగున ఆవగింజలో అరవయ్యో వంతు
మెరిస్తే ఆ రోజు మాకు చేప.

ఇప్పుడు కొండ మీది ల్యాబులో, కిటికీ నిండా సముద్రం పెట్టుకుని
నాదీ అదే పని, తిరగేసి.
మరుగుతున్న నీళ్ళలో లేత పసుపు బంగారపు ఉప్పు,
దాని మీద కాస్త నిమ్మ ఉప్పు ద్రావకం.
ముందు రంగు పోతుంది. తరవాత సిరా.
ఆ తరవాత, ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరాగే చోట,
దానిమ్మ గింజల ఎరుపు.
"ఇదేటే, బంగారవా? ఎర్రగున్నాదేటి?"
ఫోన్లో ఫోటో చూసి నాన్న నమ్మలేదు.
రొయ్య మీసం మందాన్ని ఇరవై వేల పొరలుగా చీలిస్తే
అందులో ఒక్క పొర, నాన్నా.
అంత చిన్నదైతే బంగారం కూడా తన రంగు మర్చిపోద్ది.

ఒకసారి చేయి జారి ఉప్పునీటి చుక్క పడింది.
ఎరుపంతా నీలమై, ముద్దకట్టి, అడుక్కి చేరింది.
ఉప్పు పడదు దానికి. ఈ ఊళ్ళో ఉప్పు లేందెక్కడ?
తాళాల్లో, మేకుల్లో, పక్క గదిలో వాళ్ళు
వెండి సిరాతో ప్లాస్టిక్ మీద గీసే సన్నటి తీగల్లో.
నెల తిరక్కుండా నల్లబడతాయని సులక్షణ మేడం తిట్టుకుంటుంది
గాలిని, ఏసీని, మమ్మల్ని.
రక్తమూ ఉప్పే.
అందుకే ఒక్కో రేణువుకీ చొక్కా తొడుగుతాం.
చొక్కా జేబులో మందు, భుజం మీద చిరునామా:
ఫలానా కణితి, ఫలానా వీధి, మరే తలుపూ తట్టకు.

చిరునామా లేని రేణువులు నాకు కొత్త కాదు.
పోర్టులో బొగ్గు దింపిన ప్రతి రాత్రీ
వన్ టౌన్‌లో మా డాబా మీద ఆరేసిన బట్టల్లోకి,
అన్నం గిన్నెలోకి, నాన్న ఊపిరితిత్తుల్లోకి
ఎవరూ పంపకుండానే వచ్చాయి.
ఎక్స్‌రే దీపానికి ఎత్తి పట్టి డాక్టరు చెప్పింది
నాకు ముందే తెలుసు: చిన్నవి ఎక్కడికైనా వెళ్ళగలవు.
ఆ మాట మీదే నాకు జీతం వస్తుంది.

నా రేణువులింకా ఎలకల దాకానే వెళ్ళాయి.
నాన్న దాకా రావు. వచ్చినా ఆయనది కణితి కాదు.
అది చెబితే దగ్గి, నవ్వి, ఇంకోటి అడిగాడు.
"మందు దింపీసినాక మరా బంగారం ఎటెల్తాది?"
కొంత ఒంట్లోంచి పోద్ది. కొంత కాలేయంలో ఉండిపోద్ది నాన్నా,
ఎన్నాళ్ళో తెలీదు.
"మరి దాన్నెవులు కడుగుతారు?"

సెమినార్లో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.
నోట్సులో తారీకు వేసి రాసుకున్నాను, ఆయన యాసలోనే.

మొన్న ఆదివారం మూలనున్న మరిగె తీసి దులిపాడు.
"మీ గాజు గలాసులు కడిగిన నీల్లు ఓ సీసాడు తెచ్చీయే."
తేకూడదు. వాటికి వేరే డబ్బా, వేరే తాళం, వేరే లారీ.
తెచ్చినా ఆ మరిగెలో నిలవవు; ఎంత తిప్పినా
నీళ్ళతో పాటే పోతాయి, నీళ్ళలాగే.
ఆ సంగతి చెప్పలేదు.
డాబా మీద, మసి మీద కూర్చుని ఖాళీ మరిగె
రెండు చేతులా తిప్పుతూనే ఉన్నాడు.
యారాడ కొండ మీది దీపం ఒకసారి మా మీదుగా పోయింది,
మళ్ళీ వచ్చింది.