నిప్పు లోపలికి

యూనిఫాం ప్యాంటు నానబెట్టబోతే జేబులో దొరికింది.
హైలైటర్ పెన్ననుకున్నాను. మూత రాలేదు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు వాసన.
మే నెలలో పలాస స్టేషన్లో గంపలు దించినప్పటి వాసన కాదు,
బిళ్ళల్లో ఉండే మామిడి.

అది పెన్ను కాదని చెప్పింది ఫ్యాక్టరీలో మా రాజేశ్వరి.
వాళ్ళ అన్న కొడుకు దగ్గరా ఒకటి దొరికిందట.
"బరంపురం బండిలో వత్తాయే ఇవి. పన్నెండొందలు."
నా వేళ్ళు చూసుకున్నాను.
జీడి తిన్న చోట తోలు చేప పొలుసులా లేచి ఉంది.
నాలుగు రోజుల పిక్కలు, పన్నెండొందలంటే.

సాయంత్రం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టాను.
"ఇది పొగ కాదమ్మా," అన్నాడు లోహిత్, "ఆవిరి."
ఆవిరి గురించి నాకు చెప్తున్నాడు!
పదకొండేళ్ళుగా బాయిలరు పక్కన నిలబడ్డదాన్ని.
ఆవిరైతే నాన్నా, జాకెట్టు తడుస్తుంది,
గోడ చెమరుస్తుంది, గిన్నె మూత ఏడుస్తుంది.
నీ ఆవిరికి తడి ఏదిరా?

వాళ్ళ నాన్న వచ్చాడు, విన్నాడు,
కుడిచేత్తో చెంప మీద ఒక్కటిచ్చాడు.
ఎడమచేతిలో సిగరెట్టు.
బూడిద రాలకుండా పక్కకి పట్టుకున్నాడు.
అది నేను చూశాను. వాడూ చూశాడు.

మూడేళ్ళప్పుడు వీడు
సుద్దముక్క పెదాల మధ్య పెట్టుకుని
కళ్ళు సగం మూసి ఊదేవాడు, అచ్చం ఢిల్లేసులాగే.
నవ్వి నవ్వి, "మళ్ళీ చెయ్యరా" అని
ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ చేయించాం.
ఏడేళ్ళకి చిల్లరిచ్చి కొట్టుకి పంపాం.
ఏ పెట్టో చెప్పక్కర్లేదు, కొట్టతనికి తెలుసు.
మిగిలిన రూపాయికి బిళ్ళ కొనుక్కోమనేవాళ్ళం.
మామిడి బిళ్ళే కొనుక్కునేవాడు.

అరుగు చివర మా అత్త దాలమ్మ
అప్పటిదాకా మాట్లాడలేదు. మాట్లాడ్డానికి వీల్లేదు,
నోట్లో అడ్డపొగ.
చుట్టని తిరగేసి, అంటుకున్న కొస లోపల పెట్టి
పెదాలు బిగించి కాల్చే మనిషి.
జీడితోటలో కలుపు తీస్తూ, నారు మోస్తూ,
నా మొగుడికి పాలిస్తూ కూడా.
గాలికి ఆరిపోదు. వానకి తడవదు.
మావగారికి కనబడదు.

చుట్ట తీసి అరుగు రాయి మీద నలిపింది.
"ఒరే గుంటా, ఇలా రా. ఆ పోను లైటెయ్యి."
నోరు తెరిచింది.
వాడు వంగాడు. నేనూ వంగాను.
ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోటి లోపల చూడ్డం అదే మొదలు.
అంగిలంతా విరిగిన పాలలా తెలుపు,
మధ్యమధ్య ఎర్ర చుక్కలు,
వెనకాల ఒక పక్క, గోరంత మేర, ఏదో ఎత్తుగా.
"సూసినావా? సిక్కోలు పెద్దాసుపత్రికి రమ్మన్నారు.
ముక్క తీసి సూత్తారట. నాను ఎల్లనేదు."
ఎప్పుడు రమ్మన్నారే, అన్నాడు నా మొగుడు.
"దీపాల అమాస ముందు."
ఉగాది వెళ్ళి వారమైంది.

"మాము నిప్పు నోపలెట్టుకుని కాల్సినాం
ఎవులికీ అవుపడకూడదని.
నీకు నిప్పే నేదు గదరా.
ఇంక నీకేటి తెలుస్తాది, ఎక్కడ కాల్తందో?"

వాడు మాటివ్వలేదు.
మేమూ అడగలేదు. ఏ నోటితో అడుగుతాం?
ఫోను లైటు ఆపడం మరిచి నిలబడితే
ఆ వెలుగు గదిలోకి వెళ్ళి, ఢిల్లేసు మంచం పైన
సున్నం పసుపెక్కిన చోట ఆగింది.

బుధవారం సెలవు పెట్టాను.
తెల్లారి బస్సుకి అత్తని తీసుకెళ్ళాలి.
లోహిత్ కూడా వస్తానన్నాడు,
బడి ఎగ్గొట్టడానికే కావచ్చు.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.
అది దొరికిన పూట స్నానాలగది తలుపేసుకుని
నేనూ ఒక్కసారి పీల్చాను.
చల్లగా ఉంది. తియ్యగా ఉంది.
దగ్గు కూడా రాలేదు.
అందుకే భయమేసింది.