అగరొత్తి పరీక్ష

రాత్రి రెండు దాటాక మొదలవుతుంది
పడగ్గది కిటికీ కీచు.
ఈల కాదు, ఏడుపూ కాదు,
పాలగిన్నె అడుగు గరిటెతో గీకినట్టు
ఒక్కటే స్వరం.
దిద్దుతున్న పదో తరగతి లెక్కల పేపర్లు
బల్ల మీంచి లేచి మంచం కిందికి దూరతాయి.
సున్నా వచ్చినవాడి పేపరే ముందు ఎగురుతుంది, ఎప్పుడూ.

హుద్‌హుద్ వెళ్ళిన ఏడాది
చెక్క కిటికీలు పీకించి వీటిని పెట్టించాం.
రెండద్దాలండీ, దుమ్ము రాదు, హారను వినపడదు,
సముద్రం కూడా అడిగి లోపలికి రావాలన్నాడు
డాబాగార్డెన్స్ షాపువాడు.
మావారు ఆ మాట నలుగురికీ చెప్పుకున్నారు.
సముద్రం ఎవర్నీ అడగలేదు.
తొమ్మిదేళ్ళు ఉప్పునాలుకతో నాకి నాకి
ఇనప బందుల్ని అప్పడాల్లా
పొరలు పొరలుగా లేపింది.

లాసన్స్ బేలో నాలుగో అంతస్తంటే
అందరూ అదృష్టం అంటారు.
మా ఫ్యాను రెక్క మీద ఓసారి వేలు పెట్టి చూడమనండి.

పాత లంగా పీలికలు కుక్కాను.
టేపు అంటించాను.
ఓసారి చపాతీ పిండి కూడా.
చీమలొచ్చి నా ఇంజనీరింగుని తినేశాయి.
నిన్న ఫ్యాన్లన్నీ ఆపేసి
అగరొత్తి వెలిగించి ఫ్రేము చుట్టూ తిప్పాను,
దేవుడికి కాదు, దొంగకి.
పై మూల దగ్గర పొగ బుద్ధిగా ఉంది.
గొళ్ళెం వైపు వచ్చేసరికి
చటుక్కున నా మొహం మీదికి తిరిగింది.
దొరికావు.

పొద్దున్న ఎల్లాజీ వచ్చాడు,
పెదజాలరిపేట కుర్రాడు, చెవి మీద పెన్సిలు.
కిటికీ తెరిచి, నడుమ కరెంటు బిల్లు పెట్టి మూసి
బిల్లు లాగాడు. జారి వచ్చేసింది.
"సూసారా మేడమ్, పట్టు నేదు."
నీళ్ళు పోయే కన్నాల్లో కందిరీగ కట్టుకున్న మట్టిగది.
సైకిలు చువ్వతో పొడిచాడు.
పాత రబ్బరు లాగితే
ఎండు చింతకాయలా పెళుక్కున విరిగింది.
కొత్తది సాగదీయకుండా, మూలల దగ్గర ఆగి ఆగి,
వలకి తాడెక్కించే ఓపికతో నొక్కుకుంటూ పోయాడు.
"మా నాన్నకి ఈ పని నచ్చదండి.
గాలొస్తే తెరచాప ఎత్తాల గానీ
తలుపేసుకుంటారేటి అంటాడు."
అప్పుడు ఆరుపలకల తాళంతో
పక్కనున్న చిన్న చక్రాన్ని
పావు తిప్పు. అంతే, పావు.
బిల్లు మళ్ళీ పెట్టి లాగాడు.
రాలేదు. చిరిగింది.

ఒక్క పలక మాత్రం అతని చేతిలో లేదు.
రెండద్దాల నడుమ మబ్బు.
నేనిటునుంచి తుడిచాను, అతనటునుంచి.
గుడ్డలు రెండూ ఎదురెదురుగా తిరిగాయి,
మరక ఇద్దరికీ అందలేదు.
"సీలు పోయిందండి. పలక మొత్తం మార్చాల."
ఎంతన్నాను. చెప్పాడు.
టీ పెట్టడానికి లేచాను.

టీ మరుగుతుంటే తట్టింది,
ఆ అద్దాల మధ్య మూసిన గాలి ఈ ఊరిది కాదు.
పటాన్‌చెరు షెడ్డులో ఎవరో
భోజనానికి ముందో తర్వాతో
అంటించి పంపేసిన గాలి.
తొమ్మిదేళ్ళు సముద్రానికి ఎదురుగా నిలబడి
సముద్రం అంటని గాలి.
ఇప్పటికి ఇక్కడి తేమ కాస్త పట్టినట్టుంది దానికి.
ఉండనిమ్మన్నాను.
డబ్బుల కోసమే అనుకోండి, సగం నిజం.

ఈ రాత్రి కీచు లేదు.
మావారి గురక ఇంత పెద్దదని నాకు తెలీదు.
ఫ్రిజ్జు మధ్య మధ్య దగ్గుతోంది.
పేపర్లు కదలకుండా కూచున్నాయి,
సున్నావాడిది కూడా.
తీరిగ్గా చూస్తే రెండో మెట్టు దాకా
సరిగ్గానే చేశాడు వెధవ.
రెండు మార్కులు.

నిద్ర పట్టక అగరొత్తి వెలిగించాను.
కిటికీ దగ్గర పొగ కర్రలా నిలబడింది.
ఊరికే, అలాగే పట్టుకుని
హాల్లోకి నడిచాను.
లిఫ్టు వైపు తలుపు దగ్గర
పొగ కాసేపు ఆలోచించి
మెల్లిగా నడుం వంచింది.