ముప్పై ఒక్క వేలు

మీటరు అబద్ధం చెప్పదు,
అలాగని పూర్తి నిజమూ చెప్పదు.
పందొమ్మిదేళ్లకి ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు.
పెళ్లికొడుకు వయసు చెప్పే మధ్యవర్తిలా
ఆ అంకెను వేలితో తట్టి మరీ చూపించాడు
లుడ్విక్ జెలెంకో.

"లక్షా ఇరవై వేలకి మార్చమని కదా పుస్తకంలో!
ఇంకా పావు దారిలోనే ఉన్నాం, వోయ్‌కా."
"ఆ పక్క గడిలో 'లేదా ఆరేళ్లకి' అని కూడా ఉంటుంది, చదవండి."
కళ్లజోడు తెచ్చుకోలేదన్నాడు.

ప్తుయ్‌లో ఆ నీలం క్లియోని ఎరగనివాళ్లు లేరు.
ఆదివారం చర్చికి, నెలకోసారి సమాధుల దగ్గరికి,
ఎప్పుడైనా ఓర్మోజ్ దాకా, ఏదో ఆర్గన్ గొంతు సరిచేయడానికి.
మిగతా రోజులన్నీ షెడ్డులో
దుప్పటి కప్పుకుని, గుమ్మడికాయల పక్కన.

కుడి చక్రం తీశాను.
ఇంజన్ని జాకీ మీద మోపి పక్క మౌంటు విప్పాను.
క్రాంకు బోల్టు మాత్రం మొండికేసింది.
పానాకి గొట్టం తొడిగి, గొట్టానికి నన్ను నేను తొడిగి
వేలాడితే
టక్‌మని ఒక్క మాట అని
దారికొచ్చింది.

కవరు కింద బెల్టు
నల్లగా, నిగనిగలాడుతూ, ఏ పాపం ఎరగనట్టు.
చూశావా, అన్నట్టు
నా భుజం మీంచి తొంగిచూశాడాయన.

నేనేం మాట్లాడలేదు.
తెల్లరంగుతో గుర్తులు పెట్టుకున్నాను.
పళ్లు లెక్కపెట్టాను
(మధ్యలో ఫోను మోగింది. మళ్లీ ఒకటి నుంచి.)
టెన్షనర్ సడలించి
బెల్టుని చేతుల్లోకి తీసుకుని
వెనక్కి వంచాను.

వీపంతా సన్నటి చీలికలు,
మడతల్లో పిగిలే పాత పట్టులా.
ఒక పంటి మొదట్లో
గోరు దూరేంత సందు.

"ఇది తెగితే?"
రెండు పిడికిళ్లు చూపించాను.
ఇది పిస్టన్, పైకొస్తుంది. ఇది వాల్వు, కిందికి దిగుతుంది.
ఇద్దరికీ ఒకటే ఇరుకు గది.
ఒకరు తప్పుకున్నాకే ఇంకొకరు రావాలి.
ఎవరెప్పుడు తప్పుకోవాలో
చెవిలో చెప్పేది ఈ రబ్బరుముక్కే.
పిడికిళ్లు ఢీకొట్టించాను.
కణుపు నిజంగానే నొప్పెట్టింది.

ఆయన బెల్టుని చెవి దగ్గర పెట్టుకుని
మెల్లగా వంచి విన్నాడు.
తర్వాత బెంచీ మీద కూలబడి
నాతో కాదు, దానితోనే అన్నట్టు:

"కొండమీద ఒక చర్చి. పాత ఫాదరు పోయాక
పన్నెండేళ్లు అక్కడి ఆర్గన్ ఎవరూ ముట్టలేదు.
ముట్టలేదు కదా, కొత్తదానిలా ఉంటుందనుకుంటూ వెళ్లాను.
తిత్తుల తోలు నా చేతుల్లోనే పొడైపోయింది.
రోజూ వాయించేదానికి తోలు మెత్తగా ఉంటుంది, వోయ్‌కా.
నాకు తెలుసు ఇది. తెలిసి కూడా..."

ఆ మాటని అక్కడే వదిలేసి
వాటర్ పంపు కూడా మార్చేయమన్నాడు.

కొత్త బెల్టు వేశాక
తాళం జోలికి పోకుండా చేత్తోనే రెండు చుట్లు తిప్పాను
ఊపిరి బిగబట్టి.
ఎక్కడా ఏదీ దేన్నీ తగల్లేదు.
గుర్తులు గుర్తుల దగ్గరికే తిరిగొచ్చాయి.
అప్పుడు స్టార్టు చేశాను.

ఆయన తల పక్కకి వాల్చి విని
"శ్రుతి కాస్త కిందికుంది" అన్నాడు.
బండి అలాగే పాడుతుంది, మేస్టారూ, అన్నాను.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
పాత బెల్టు అడిగి పట్టుకెళ్లాడు.

తర్వాతి మంగళవారం
ద్రావా వంతెన మీద ఎదురుపడింది నీలం క్లియో.
మంగళవారం! చర్చి లేదు, సమాధుల పనీ లేదు.
హారన్ కొట్టాను, వినిపించుకోలేదు.
కిటికీ దించుకుని పోతున్నాడు.
పక్క సీట్లో పెద్ద గుమ్మడికాయ,
దొర్లిపోకుండా
కోసి ముడేసిన పాత బెల్టుతో
కట్టి ఉంది.