రెండు ట్యాంకులు

పీటర్‌హెడ్ రేవు వెనక వీధి.
వాన వెలిసిందో మొదలవుతోందో తెలియని మధ్యాహ్నం.
కొన్న వ్యాను తలుపులు బార్లా తీసి
డొరోటా లోపలికి తల పెట్టి
అరనిమిషం ఊపిరి బిగబట్టింది.
"పదకొండేళ్ళ చేప," అంది చివరికి.
"తివాచీలు కడిగే బండే కంపు కొడితే
మనల్నెవరు పిలుస్తారు ఇష్‌బెల్?"

మూడు రోజులు కడిగాం.
వెనిగర్‌తో, సోడాతో,
ఆఖరికి కాఫీపొడి చల్లి రాత్రంతా మూసిపెట్టాం.
తెల్లారి తెరిస్తే
ఎవరో చేపలు తిని కాఫీ తాగి వెళ్ళినట్టుంది.
ఫ్యాక్టరీ మానేశాక నా చేతుల వాసన పోవడానికి
ఒక చలికాలం పట్టింది.
దీనికి మాత్రం తొందరెందుకు?

డొరోటా ఓడల్లో గదులకి చెక్కపని చేసిన మనిషి.
కుదురుగా ఉన్న దేన్నీ నమ్మదు.
డబ్బాకో పట్టీ, పట్టీకో కొక్కెం,
బ్రష్షులకి అర, గొట్టం చుట్టకి ఇనుప కాలు,
చివరికి నా టీ ఫ్లాస్కుకి కూడా
ప్లైవుడ్‌లో గుండ్రంగా ఒక గూడు కోసింది.

నేలకి చిల్లు పెట్టే పని మాత్రం నాకిచ్చింది.
"బండి నీ పేర మీదుంది, నువ్వే పెట్టు."
డ్రిల్లు చేతికి తీసుకుని
ఎన్ని వాయిదాలు మిగిలాయో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.
సొంత బండికి తూటు పొడవడం
పంటి డాక్టరు కుర్చీలో కూర్చోవడం లాంటిదే,
కాకపోతే డాక్టరూ నేనే.

తర్వాత అట్టముక్క మీద బరువుల లెక్క.
యంత్రం ఇంత, గొట్టాలు ఇంత, మందు నీళ్ళు ఇంత.
నా బరువు నాలుగు కిలోలు తగ్గించి చెప్పాను.
తను నా వంక చూడకుండానే
పక్కన నాలుగు కలిపి రాసుకుంది.
ఇద్దరం ఎక్కితే
మూడు వందల లీటర్ల ట్యాంకులో
సగం కన్నా పోయడానికి లేదు.

నిండు కుండ తొణకదంటారు.
నిండు కుండ మోసే నడుము దీనికి లేదు.
సగం కుండతో ఆస్పత్రి మలుపులో బ్రేకు వేశాను.
బండి ఆగింది, నీళ్ళు ఆగలేదు.
వీపు మీద ఎవరో పెద్దమనిషి
"పద, పద" అని తోసినట్టు
గీత దాటి మూరెడు ముందుకెళ్ళాం.
ఎదుటి బస్సు డ్రైవరు అన్న మాట ఇక్కడ రాయను.

మర్నాడు ట్యాంకు లోపల
చిల్లుల పలకలు మూడు అడ్డంగా నిలబెట్టింది డొరోటా.
ఇప్పుడు నీళ్ళు పరిగెత్తాలంటే
ఒకరినొకరు అడిగి దారి తీసుకోవాలి.

మొదటి బేరం క్రుక్‌షాంక్ గారింట్లో.
కిటికీ దగ్గర కుర్చీ, దాని ముందు తివాచీ మీద
రెండు పాదాలంత అరుగుదల.
గాజు గొట్టంలోంచి నల్లగా పోతున్న నీళ్ళని
వంగి చూశాడాయన.
"అదంతా నేను నడిచిందేనా?"
"కుక్క వాటా కూడా ఉంది," అంది డొరోటా,
నీళ్ళలో తేలిన వెంట్రుకలు చూపించి.
"కుక్క పోయి ఆరేళ్ళయింది," అన్నాడు.
యంత్రం రొద పెడుతూనే ఉంది, అంతవరకు నయం.
కుర్చీ కింద ఆ కాస్త మేర
ఇంకోసారి కడగనా అనడిగాను.
వద్దు, అది ఉండనీ అన్నాడు.

కడిగినంతసేపూ
ఎడమ పక్క తెల్లనీళ్ళు తగ్గాయి,
కుడి పక్క నల్లనీళ్ళు పెరిగాయి.
పొద్దున ఎడమకి ఒరిగిన బండి
సాయంత్రం కుడికి ఒరిగి ఇల్లు చేరింది.
పని పూర్తయితే తేలికవుతామనుకున్నాను.
బరువు పక్క మార్చింది, అంతే.
అట్టముక్క మీద ఈ లెక్క లేదు.

మురుగు వదిలి, గొట్టం చుట్టి, తలుపులు వేస్తుంటే
తడి ఉన్ని, సబ్బు,
వాటికి అడుగున, ఎక్కడో, చేప.
జేబులో చెయ్యి పెడితే ఒక బోల్టు తగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ గుర్తు రాలేదు.
వీధి దీపం కింద
ఇంకా చూస్తూనే ఉన్నాం.