మూరెడు తక్కువ

ముందు పొయ్యి దాకా కొలవాలి.
తాడు కొయ్యడం ఆ తర్వాత.

దులమ్‌సురెన్ మోచేతి నుంచి వేలికొస దాకా
మోకాళ్ళ మీద జరుగుతూ కొలిచింది.
మంచం కోడు దగ్గర మొదలుపెడితే
గుడారం నడుమ ఎర్రగా కాలే ఇనప పొయ్యికి
ఆరు మూరలు.
"నాలుగున్నరకి కొయ్యి" అన్నాను.
"మరీ అంత పొట్టిగానా!"
పిల్లాడి చెయ్యి కూడా తాడేనమ్మా,
చాచినప్పుడల్లా జానెడు పెరుగుతుంది.

నేను డాక్టర్ని కాను.
డాక్టరు రాలేని లోయలకి వచ్చేదాన్ని.
వేరే దేశాల్లో టీకామందు వేడెక్కకుండా కాపాడతారట,
మా మంగోలియా చలికాలంలో
గడ్డకట్టకుండా కాపాడాలి.
మందుపెట్టెని కోటు లోపల కట్టుకుని
మోటారు సైకిలు దిగితే
గొర్రెల కాపరులు నవ్వుతారు:
"ఎన్నో నెల?"

పిల్లాడి పేరు ఎనెబిష్.
అంటే, 'ఇది కాదు'.
వాడికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు.
రాత్రిపూట ఏదైనా వచ్చి
లోపల ఎవరని అడిగితే
పేరే అబద్ధం చెప్పాలని.
బయటికి తీసుకెళ్ళే ముందు
నుదుటి మీద మసిబొట్టు.
నేను మసి తుడవను. పేరు మార్చమనను.
దయ్యాన్ని మాయ చెయ్యొచ్చు,
తట్టుని చెయ్యలేం
అని మాత్రం చెప్పి
తొడ మీద దూది రుద్దుతాను.

పళ్ళొచ్చేటప్పుడు చీకడానికి
గొర్రెతోక కొవ్వు ముక్క ఇస్తారు,
గొంతులోకి జారకుండా
అడ్డంగా ఓ పుల్ల గుచ్చి.
ఆ పుల్ల మొదట గుచ్చిన తల్లి ఎవరో
ఏ రిజిస్టరులోనూ లేదు.
ఆమెకి ఆ ఆలోచన ఎందుకొచ్చి ఉంటుందో
నేను ఆలోచించను.

కనుమకి అవతల గోంచిగ్ వాళ్ళ గుడారంలో
చుట్టాలొచ్చారని తాడు విప్పారు.
ఒక్క పూట.
బూర్మాకి ఏడాదిన్నర,
పాలటీ కుండ దాని ఎత్తుకి సరిగ్గా సరిపోయింది.
నేను వెళ్ళేసరికి కొవ్వు పూసి ఉంచారు,
ఎవరో మంచు తెస్తున్నారు.
"మంచు కాదు, నీళ్ళు! మామూలు నీళ్ళు!"
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
ఇప్పుడు బూర్మా బడికి వెళ్తుంది.
ఎడమ అరచెయ్యి పూర్తిగా తెరుచుకోదు.
పెన్సిలు మాత్రం గట్టిగానే పట్టుకుంటుంది.

ఎనెబిష్ తాడు అక్కడితో ఆగలేదు.
అయిదో ఏట
గుడారం నుంచి గొర్రెల దొడ్డి దాకా కట్టారు,
మంచు తుఫానులో
దాని మీద చెయ్యి వదలకుండా నడవాలని.
ఎనిమిదో ఏట గుర్రం పగ్గం అయింది.
హెల్మెట్ పెట్టమంటే
"మా తాత పెట్టుకున్నాడా?" అన్నాడు.
వాళ్ళ తాతకి ఒక చెవి వినిపించదు,
ఆ సంగతి తాతే చెప్పాడు,
రెండుసార్లు, గట్టిగా.
మర్నాడు హెల్మెట్ పెట్టుకున్నాడు,
ముఖం మాడ్చుకుని.

మొన్న వెళ్ళేసరికి
దులమ్‌సురెన్ మందతో పాటు గుట్టల్లో ఉంది.
పన్నెండు నిండని ఎనెబిష్
ఇంట్లో పెద్దవాడు.
కొత్తగా పాకుతున్న చెల్లి నడుముకి
మెత్తటి గుడ్డపట్టీ చుట్టి
మంచం కోడు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.
మోచేతి నుంచి వేలికొస దాకా
ఒకటి, రెండు, మూడు...
"నాలుగున్నర" అన్నాడు నా వైపు చూడకుండా.

వాడి మూర తల్లి మూర కన్నా పొట్టి.
తాడు జానెడుకి పైనే తగ్గింది.
పాప చెయ్యి చాచి, అందక,
పొయ్యిని తిట్టినట్టు ఏదో అంది.

నేనేం అనలేదు.
పెట్టె మూత తీశాను.